ఈ మోరీ ఎక్కడికి పోతుంది?



ఆదివారం పొద్దున చిక్కబళ్ళాపురం బైపాసు మీద నిలబడితే, బెంగళూరు వైపు నుంచి వచ్చే కార్లలో సగం సైట్లు చూడటానికే వస్తున్నాయేమో అనిపిస్తుంది. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం మొదలైన తర్వాత హైదరాబాదు రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు, రాగిచేలు ఒక్కొక్కటే లేఅవుట్లుగా మారాయి. ఆ ఊపు ఇప్పుడు అటు బాగేపల్లి దాకా, ఇటు చింతామణి దాకా పాకింది.

సైటు చూపించే మనిషి అన్నీ చెప్తాడు. డీసీ కన్వర్షన్ అయింది, ఈ-ఖాతా ఉంది, నలభై అడుగుల రోడ్డు, కరెంటు స్తంభాలు, బోరు, గేటు దగ్గర కమాను. కొనేవాళ్ళూ అన్నీ అడుగుతారు. తూర్పు ముఖమా? బ్యాంకు లోను వస్తుందా? వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉందా? సైటు పల్లం గురించి ఇంత పట్టుదలగా అడిగేవాళ్ళు ఊరి పల్లం ఎటుందో మాత్రం అడగరు. ఇంటి ముందు కట్టిన ఆ రెండడుగుల మోరీ ఎక్కడికి పోతుందని అడగరు.

అడిగితే చాలాచోట్ల ‘ముందుకు పోతుంది సార్’ అంటారు. ఆ ముందుకు మనమూ నడిచి చూడాలి. లేఅవుట్ చివర కాంపౌండు గోడ వస్తుంది. మోరీ అక్కడ ఆగిపోతుంది. గోడకు అడుగున జానెడు కన్నం ఉంటుంది. కన్నానికి అవతల ఎవరిదో టమాటా తోట. వాన వచ్చిన రోజు రెండు వందల ఇళ్ళ నీళ్ళు ఆ జానెడు కన్నంలోంచి ఆ రైతు చేలోకి దూకుతాయి. ఏడాది తిరిగేసరికి రైతు ఆ కన్నానికి అడ్డంగా మట్టి పోస్తాడు. ఆయన తప్పేముంది? ఆ తర్వాత వచ్చే వానకు నీళ్ళు వెనక్కి తిరిగి, లేఅవుట్‌లో అన్నిటికంటే పల్లాన ఉన్న ఇంటి గడప ఎక్కుతాయి.

కొత్త లేఅవుట్లలో వాననీటికి ముందుగానే దారి, చోటు ఎలా చూపించాలి అన్నదే ఈ రోజు మన విషయం.

ముందు మన నేల సంగతి. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి, పాపాఘ్ని — ఇన్ని నదులు నంది కొండల చుట్టుపక్కలే పుట్టాయి. అయినా ఏడాది పొడవునా పారే నది మనకు ఒక్కటీ లేదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో పెద్ద వానలు ఆగస్టు నుంచి నవంబరు నడుమ కొన్ని రోజుల్లోనే కురిసిపోతాయి. ఆ కొన్ని రోజుల నీటిని ఏడాదంతా వాడుకోవడానికే మన పెద్దలు చెరువులు కట్టారు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా కాకముందు, అవిభక్త కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులుండేవి. అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పై చెరువు నిండితే కోడి, అంటే అలుగు, పారుతుంది. ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. నడుమ కుంటలు, గోకుంటలు, కళ్యాణులనే మెట్ల కోనేర్లు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో చూసుకోవడానికి ఊరికొక నీరుగంటి ఉండేవాడు.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద గుణం ఉంది. వాన ఎక్కడ పడితే అక్కడే కొంత ఆగుతుంది. చేను కొంత తాగుతుంది, గట్టు కొంత ఆపుతుంది, కుంట కొంత పట్టుకుంటుంది. మిగిలిందే చెరువుకు పోతుంది. చెరువుకు చేరేసరికి ఆ నీళ్ళకు తొందర తగ్గిపోయి ఉంటుంది.

లేఅవుట్ వేయగానే ఆ తొందర మళ్ళీ వస్తుంది. చిన్న లెక్క చూద్దాం, కాగితం అక్కర్లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పది ఎకరాల పొలం మీద ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. మన దగ్గర అది గట్టి వానే, కానీ ఎన్నడూ పడనిది కాదు. అంటే ఇరవై లక్షల లీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో సుమారు పావు వంతు, అంటే ఐదు లక్షల లీటర్లు బయటికి పారేది. మిగిలింది దుక్కి, గట్లు, చెట్లు పట్టుకునేవి. అదే పది ఎకరాలు తారు రోడ్లు, కాంక్రీటు మేడలు, టైల్సు పరిచిన వాకిళ్ళు అయితే ముప్పావు వంతు పారిపోతుంది. అంటే పదిహేను లక్షల లీటర్లు. ఒక్క గంటలో పది లక్షల లీటర్లు అదనం. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే రెండు వందలు. వానాకాలంలో రెండు వందల ట్యాంకర్ల నీళ్ళు పక్కవాడి చేలోకి వదిలేసి, ఎండాకాలంలో అదే లేఅవుట్‌వాళ్ళు ట్యాంకరుకు ఫోను చేస్తారు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు, ఆ లోతు నీళ్ళలో ఫ్లోరైడు, ఇవి మన చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఎవరికీ కొత్త కావు. వరదా, కరువూ మన నేల మీద వేరువేరు జబ్బులు కావు. వాన పడిన చోట ఆగకపోతే రెండూ వస్తాయి.

2021 నవంబరు గుర్తుందా? జిల్లాలో ఏళ్ళ తరబడి నిండని చెరువులు ఆ నెలలో నిండి కోడి పోయాయి. జనం పసుపు కుంకుమలతో గంగమ్మకు పూజలు చేశారు. అదే వారాల్లో పల్లపు వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అక్కడితో ఆగలేదు. మన చిత్రావతి, మన పాపాఘ్ని ఇక్కడి నుంచి ఆంధ్రలోకే కదా పోయేది. అనంతపురం జిల్లాలో చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరుతో కాపాడారు. కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. ఆ వరదకు కారణం ఒక్క లేఅవుట్లే అని ఎవరూ అనలేరు, అంత వాన పడింది. కానీ ఎగువన ప్రతి ఊరూ తన నీళ్ళు తొందరగా వదిలించుకుంటే దిగువన ఏమవుతుందో ఆ నెల చూపించింది.

ఇక్కడ మన జిల్లావాడిని ఒకరిని తలుచుకోవాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టింది చిక్కబళ్ళాపురం పక్కనే ముద్దేనహళ్ళిలో. వారి పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. నది ఒడ్డున గోడలు ఎత్తుగా కట్టమని చెప్పి వచ్చేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆయన ముందు ఎగువకు పోయారు. నగరానికి పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, ఆ వానకు వాటిలో 221 తెగాయనీ లెక్క తేల్చారు. నగరం మీద పడిన వరదలో తెగిన ఆ చెరువుల నీళ్ళూ ఉన్నాయి. అందుకే వరదను ఊరికి పైనే పట్టి, నెమ్మదిగా వదిలే జలాశయాలు కావాలన్నారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. నగరానికి మురుగు కాలువల పథకమూ ఆయనే వేశారు.

పైనే పట్టు, నెమ్మదిగా వదులు. కొత్త లేఅవుట్‌కు కావలసిన సూత్రం కూడా అదే. దాన్నే ఇంకొంచెం కచ్చితంగా ఇలా చెప్పుకోవచ్చు: పొలంగా ఉన్నప్పుడు ఆ భూమి నుంచి ఎన్ని నీళ్ళు బయటికి పారేవో, లేఅవుట్ అయ్యాక కూడా అంతకు మించి పారకూడదు. ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పుడు ఈ కొలబద్దతోనే ప్లాన్లు చూస్తున్నారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2019 జనవరి 7 నుంచి, ఒక ఇంటికి మించి కట్టినా, వంద చదరపు మీటర్లు, ఆపైన కట్టినా, వాననీటి ప్లానుకు విడిగా అనుమతి వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2019లోనే వానకాలువల మీద ప్రత్యేకంగా ఒక మాన్యువల్ తెచ్చింది. సూత్రానికి కొదవ లేదు. మన దగ్గర కొదవంతా పని వరసలో ఉంది.

ఇప్పుడు జరుగుతున్న వరస చూడండి. ముందు సైట్లు గీస్తారు. ఎన్ని ఎక్కువ వస్తే అంత లాభం. తర్వాత రోడ్లు. రోడ్ల పక్కన మోరీలు. మూల మిగిలిన వంకర ముక్క పార్కు. వానకాలువ అన్నిటికంటే చివర. ఈ వరసను తిరగేయాలి. ముందు నీళ్ళు, తర్వాత రోడ్లు, ఆ తర్వాత సైట్లు.

మొదటి పని గ్రామ నక్ష తెప్పించడం. అందులో వంకలు, కాలువలు గీతలుగా ఉంటాయి. పహణిలో, అంటే భూమి రికార్డులో, బి ఖరాబు అని రాసి ఉన్న గుంటలు సర్కారు దారులో, కాలువలో అయి ఉంటాయి. ఎండాకాలంలో చూస్తే అక్కడ కంపచెట్లు తప్ప ఏమీ కనపడదు. జేసీబీ పెట్టి చదును చేయడానికి గంట పట్టదు. కానీ నీళ్ళు ఆ దారి మరిచిపోవు. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. చదును చేసిన ఆ గీత మీద ఇల్లు కట్టినవాడు ఎప్పుడో ఒక వానలో దానికి బాకీ తీరుస్తాడు. అందుకని నక్షలో కనపడే ప్రతి వంకనూ, రాజకాలువనూ ఉన్నచోటే ఉంచి, దాని పక్కన రోడ్డు వేయాలి.

రెండో పని నేల తాగుతుందో లేదో చూడటం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. అడుగు చదరం, రెండడుగుల లోతు గుంత తవ్వి నీళ్ళు పోయాలి. అవి ఇంకిపోయాక మళ్ళీ నింపి, ఒక పుల్ల గుచ్చి, గంటకు ఎంత దిగిందో కొలవాలి. ఎర్రమన్ను, కింద మొరం ఉన్నచోట పుల్ల మీద తడి గీత చూస్తుండగానే కిందికి జారుతుంది. చెరువు కింది రేగడిలో కదలనే కదలదు. గంటకు అర అంగుళం కూడా దిగని చోట ఇంకుడు గుంతలు తవ్వడం డబ్బు దండగ. అక్కడ నీటిని కాసేపు నిలబెట్టి, చిన్న పైపులోంచి నెమ్మదిగా వదలడమే మార్గం. చింతామణి వైపు అంబాజీదుర్గ, కైలాసగిరి కొండల పక్కన కొన్నిచోట్ల నాలుగడుగులకే బండ తగులుతుంది. నూరు గజాలు పక్కకు పోతే ఇరవై అడుగులు మెత్తటి మొరం. కాబట్టి ఒక్క గుంతతో సరిపెట్టకుండా నాలుగు మూలలా చూడాలి.

మూడో పని ఇంటి కప్పు. ముప్పై అడుగులకు నలభై అడుగుల సైటులో వెయ్యి చదరపు అడుగుల కప్పు ఉంటే, మన వానకు ఏడాదిలో ఎంత లేదన్నా యాభై వేల లీటర్లు పట్టుకోవచ్చు. ముందు సంపులోకి, సంపు నిండాక ఇంకుడు బావిలోకి. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు బావిలో ఒక విడతకు నాలుగు వేల లీటర్లు పడతాయి. పది ఎకరాల్లో రెండు వందల సైట్లు వస్తే, సగం మంది తవ్వినా నాలుగు లక్షల లీటర్లు గేటు దాటవు. బెంగళూరులో 2009 నుంచి ముప్పైకి నలభై సైట్లలో, అంతకు పెద్ద సైట్లలో కట్టే కొత్త ఇళ్ళకు వాననీటి సేకరణ తప్పనిసరి. బెంగళూరు పద్ధతులు ఎన్నో మనవైపు వస్తున్నాయి, ఇదీ రానివ్వండి.

నాలుగో పని రోడ్డు. మన లేఅవుట్లలో రోడ్డు పక్క కర్బు రాయి గోడలా నిలబడుతుంది. రోడ్డు మీది నీళ్ళకు మోరీ తప్ప దారి ఉండదు. ఆ కర్బులో ముప్పై అడుగులకొకచోట ఆరంగుళాల గండి వదిలితే చాలు. గండి వెనక, చెట్లు నాటే పట్టీని రోడ్డు కంటే అరడుగు కిందికి దించాలి. నీళ్ళు అందులోకి మళ్ళుతాయి. గండి దగ్గర నాలుగు గుండురాళ్ళు పేరిస్తే మన్ను కోసుకుపోదు. వచ్చిన ఇసుక, ప్లాస్టిక్ కవర్లు ఆ రాళ్ళ దగ్గరే ఆగుతాయి కాబట్టి చీపురు పట్టే మనిషికి ఎక్కడ ఊడ్వాలో తెలుస్తుంది. కానుగ, వేప చెట్లకు ట్యాంకరు నీళ్ళ ఖర్చు తప్పుతుంది. ఒక జాగ్రత్త ఉంది. రోడ్డు నీళ్ళలో బండ్ల ఆయిలు, దుమ్ము ఉంటాయి. వాటిని నేరుగా ఎండిన బోరులోకి దింపకూడదు. మట్టిలోంచి వడకట్టుకునే పోవాలి.

ఐదో పని పార్కు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పది ఎకరాల లేఅవుట్‌లో పదో వంతు, అంటే ఎకరం పార్కుకు వదిలారనుకుందాం. ఇప్పుడేం చేస్తున్నారు? మట్టి తోలించి దాన్ని రోడ్డు కంటే ఎత్తు చేసి, చుట్టూ కట్ట కట్టి, లాను వేస్తున్నారు. దాన్ని లేఅవుట్‌లో అన్నిటికంటే పల్లపు మూలకు జరిపి, ఒక్క అడుగు కిందికి దించండి. ఎకరం నేల అడుగు లోతున పన్నెండు లక్షల లీటర్లు పడుతుంది. ఇందాక మనం లెక్క వేసిన అదనం ఎంత? పది లక్షలు. ఒక్క అడుగుతో లెక్క సరిపోయింది! అంచున చిన్న పైపు పెడితే ఆ నీళ్ళు ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిగా వంకలోకి దిగిపోతాయి, దోమలకు వ్యవధి ఉండదు. పైపుకు కొంచెం పైన రాతితో చిన్న కోడి కట్టాలి, అంతకంటే పెద్ద వాన వస్తే పోవడానికి. ఏడాదిలో ఏ పది రోజులో నీళ్ళు నిలుస్తాయి. మిగతా రోజులన్నీ పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చు. ఒక్క సైటు కూడా తగ్గదు. కావలసింది ప్లాను గీసేటప్పుడు ఆలోచన ఒక్కటే. ఇళ్ళు లేచాక, రోడ్లు పడ్డాక ఇదే పని చేయాలంటే లక్షలు పోసినా కుదరదు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. బెంగళూరు సర్జాపుర రోడ్డులో రెయిన్‌బో డ్రైవ్ అనే లేఅవుట్ ఉంది. ఇంకుడు బావులకు, వాననీటి పొదుపుకు పేరున్న చోటు అది. 2022 సెప్టెంబరు వానలకు అక్కడి జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో బయటికి తేవాల్సి వచ్చింది. ఎగువ నుంచి నీళ్ళు వచ్చి పడ్డాయి, పోవలసిన కాలువకు దారి చాలలేదు. కాబట్టి మన లేఅవుట్ లోపల బాగుంటే సరిపోదు. పైనుంచి వచ్చే నీళ్ళను దాటించాలి, కింద చెరువు దాకా దారి తెరిచి ఉండాలి. అది ఒక్క బిల్డరు చేయగల పని కాదు. నగరసభ, పురసభ, పంచాయతీ కలిసి ఊరి మొత్తానికీ ఒక కాలువల పటం వేసి, ప్రతి కొత్త ప్లానునూ దాని మీద పెట్టి చూడాలి. చెరువు చుట్టూ, కాలువ పక్కన ఇన్ని మీటర్లు వదలాలి అన్న అంకె కోర్టుల్లో మారుతూ వస్తోంది. 2016లో హరిత ట్రిబ్యునల్ బెంగళూరు చెరువులకు 75 మీటర్లంది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అంకె ఎంతైనా, గేటు దాటే నీళ్ళ లెక్క అడిగే హక్కు ప్లాను మంజూరు చేసేవాళ్ళ చేతిలోనే ఉంటుంది.

మన మూడు ఊళ్ళకూ మూడు రకాల జాగ్రత్తలు కావాలి. చిక్కబళ్ళాపురం కొండల పాదాన ఉంది, నీళ్ళు జోరుగా దిగుతాయి. పైగా హెబ్బాళ–నాగవార పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు కందవార లాంటి చెరువులకు వస్తున్నాయి. భూగర్భ జలానికి మేలే. కానీ ముందే నిండుగా ఉన్న చెరువులో వానకు చోటు తక్కువ. కాబట్టి ఆ చెరువుల ఎగువన లేఅవుట్లు ఇంకా ఎక్కువ నీళ్ళు ఆపుకోవాలి. చింతామణిలో చెరువులు ఊరిని ఆనుకునే ఉన్నాయి. అక్కడ పెద్ద భయం మురుగు. బాత్‌రూము నీళ్ళు వాన మోరీలో కలిస్తే, ఇందాక చెప్పిన గండీ, పల్లపు పార్కూ అన్నీ కంపు గుంటలవుతాయి. యూజీడీ, అంటే భూగర్భ మురుగు పైపు వేరు, వాన మోరీ వేరు. ఈ రెండూ కలవలేదని చూసిన తర్వాతే సైట్లు రిజిస్టరు కావాలి. బాగేపల్లి చిత్రావతి ఒడ్డున ఉంది. పరగోడు దగ్గర ఆ నది మీద కట్టిన ఆనకట్ట నీళ్ళే అక్కడ తాగాలి. ఏటి గట్టున వేసే లేఅవుట్ చెత్త, మన్ను ఆ తాగునీటిలోకే పోతాయి.

చివరిగా, ఎవరు చూసుకుంటారు? బిల్డరు ఆఖరి సైటు అమ్మి వెళ్ళిపోతాడు. గండ్లలో మన్ను పేరుకుంటుంది, పైపు మూసుకుపోతుంది. వేల్స్‌లో అనుమతి ఇచ్చే సంస్థే తర్వాత ఆ ఏర్పాటును స్వాధీనం చేసుకుని నడిపే బాధ్యత పెట్టుకుంది. మన ఊళ్ళలో ఆ పనికి నీరుగంటి ఉండేవాడు, పంటలో అతనికి వాటా ఉండేది. లేఅవుట్ సంఘం నెలనెలా వసూలు చేసే డబ్బులో గేటు కాపలాకు ఇచ్చినట్టే, వానాకాలానికి ముందొకసారి, నడుమ ఒకసారి కాలువలు చూసే మనిషికీ కొంత కేటాయిస్తే ఆ పని మళ్ళీ నిలబడుతుంది.

కాబట్టి ఈసారి సైటు చూడటానికి వెళ్తే వానాకాలంలో వెళ్ళండి. కమాను దగ్గర కాకుండా పల్లపు మూలకు నడవండి. ఈ మోరీ ఎక్కడికి పోతుంది, పార్కు రోడ్డుకు పైన ఉందా కింద ఉందా, నక్షలో ఉన్న వంక నేల మీద ఉందా అని మూడు మాటలు అడగండి. జవాబు రాకపోతే అడ్వాన్సు ఇవ్వకండి. కొనేవాళ్ళు పదిమంది ఇలా అడిగితే, పదకొండో లేఅవుట్ ప్లానులో వాననీటి గీతే ముందు పడుతుంది.